రసి గాదు, సూది

ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలకు చెత్త బండి మా గల్లీలోకి వచ్చింది. రోజూ వచ్చే వేళే. సూరత్‌లోని మా లింబాయత్‌లో నీళ్ళు వచ్చే వేళ మారేది, కరెంటు పోయే వేళ మారేది, ఈ బండి వేళ మాత్రం మారేది కాదు. రాత్రి షిఫ్టు చేసిన మగవాళ్ళు మగ్గాల నుంచి ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పడుకోబోయే సమయం అది. ఆడవాళ్ళు బకెట్లు పట్టుకుని బయటికి వచ్చేవాళ్ళు. అందరికంటే ముందు మా అక్క వచ్చేది, అందరికంటే చివర లోపలికి పోయేది. బకెట్ ఖాళీ చేయడానికి అంతసేపు పట్టదు. మిగిలినదంతా మాటలకే.

రెండు వేల ఇరవై ఒకటి, మార్చి మొదట్లో సంగతి. ఆ రోజు బండి మైకులో ఎప్పటి పాట ఆగి, గుజరాతీలో ఒక ఆడగొంతు వచ్చింది. కరోనా రసీ ముకావో, అంటోంది. గుజరాతీలో రసీ అంటే టీకా. ముకావో అంటే వేయించుకోండి. మా గల్లీలో పెద్దవాళ్ళకు గుజరాతీ సగం సగమే వచ్చు. పని ఇచ్చేవాళ్ళతో హిందీ, ఇంట్లో తెలుగు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి ఎన్ని ఏళ్ళయినా అంతే. వాళ్ళు ముకావోను వదిలేశారు. రసి ఒక్కటి పట్టుకున్నారు. మా మాటలో రసి అంటే పుండు నుంచి కారేది.

"రసి పెడతరటనే అక్కా," అంది ఎదురింటామె. "ఎవ్వల పుండుల నుంచి తీసిందో ఏమో."

"గుజరాతోళ్ళదైతే భయం లేదు," అంది అక్క. "వాళ్ళ పప్పు లెక్క జర తియ్యగ ఉంటది."

అందరూ నవ్వారు. బండి మీద నిలబడి చెత్త సర్దుతున్న మనిషి కూడా, ఏమీ అర్థం కాకపోయినా, నవ్వాడు. నేను గుమ్మంలో నిలబడి టీ తాగుతున్నాను. అది ఒక పరాచికం అనుకున్నాను. ఆ రోజుకు అది పరాచికమే.

అక్క నాకంటే పదకొండేళ్ళు పెద్దది. అమ్మ పోయినప్పుడు నేను చిన్నవాణ్ణి. అక్క పెళ్ళయి సూరత్ వస్తూ నన్ను వెంట తెచ్చుకుంది. బావ మగ్గాల మీద పని చేసి నన్ను చదివించాడు. ఆయన పోయి చాలా కాలమైంది. ఉన్న ఒక్క కూతురిని భీవండీలో మన మగ్గాలవాళ్ళ ఇంట్లోనే ఇచ్చారు. నేను మున్సిపాలిటీ తెలుగు బడిలో పంతులును. పెళ్ళి చేసుకోలేదు. ఆ ఇంట్లో ఉండేది మేమిద్దరం. నేను పుస్తకాలు చదువుకునేవాణ్ణి. అక్క చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. ఉదయం ఒకతను చీరల కట్ట తెచ్చి పడేసేవాడు, సాయంత్రం తీసుకుపోయేవాడు. కత్తెర చప్పుడు వింటూ చదవడం నాకు అలవాటు.

కరోనా మొదటి సంవత్సరం మేం బతికాం. మగ్గాలు ఆగిపోయిన ఆ నెలల్లో లింబాయత్‌లో ఏ చప్పుడూ లేదు. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడులో పెరిగిన పిల్లలు భయపడ్డారు. సగం గల్లీ ఊళ్ళకు వెళ్ళిపోయింది. బడి మూసి, మమ్మల్ని ఇంటింటికీ జ్వరం అడగడానికి పంపారు. ఎక్కడికి వెళ్ళినా జ్వరం లేదనేవాళ్ళు. లోపల దగ్గు వినిపిస్తూ ఉండేది. ఆ సంవత్సరం నేను నేర్చుకున్నది ఒకటే. అడిగే మనిషికి భయపడితే ఎవరూ నిజం చెప్పరు. వెళ్ళినవాళ్ళు తిరిగి వచ్చారు, మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి, మేం అయిపోయిందనుకున్నాం.

రసి మాట తొందరగానే పరాచికం కాకుండా పోయింది. బండి దగ్గర గొంతులు తగ్గించి మాట్లాడుకోవడం మొదలైంది. ఒకామె తన అత్త ఆ మాట విని అన్నం ముద్ద పక్కన పెట్టేసిందని చెప్పింది. ఇంకొకామె తన మరిది ఫోన్‌లో ఏదో చూపించాడని చెప్పింది. ఆ మాటను వాళ్ళు నమ్మారని నేను అనలేను. పిల్లలకు టీకాలు వేయించినవాళ్ళే వాళ్ళంతా. నమ్మకం వేరు, రోత వేరు. రోత కలగడానికి నమ్మకం అక్కర్లేదు.

పంతుళ్ళకు ముందుగానే బడిలో టీకా వేశారు. నేను వేయించుకుని ఇంటికి వచ్చిన రోజు అక్క నా చొక్కా చెయ్యి పైకి లాగి చూసింది. ఏమీ లేదని నమ్మకం కుదిరాక మళ్ళీ కత్తెర పట్టుకుంది. అప్పుడు నేను నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాను. పూర్వం మశూచికి టీకా వేసేటప్పుడు పొక్కులోంచి తీసిన రసినే మనిషి చేతికి గీరేవారని, గుజరాతీలో ఆ పాత మాట అలాగే ఉండిపోయి ఉంటుందని.

అక్క కత్తెర ఆపింది. "అయితే ఎదురింటిది చెప్పింది నిజమే గదరా."

"ఇప్పుడు కాదు. పూర్వం."

"నీ చదువు నీ తాన్నే ఉంచుకో తమ్మీ. గీ ముచ్చట గల్లీల ఎవ్వలకు చెప్పకు."

నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ నెలలోనే మా వార్డు ఆరోగ్య కేంద్రం నుంచి ఒక అమ్మాయి వచ్చి, మీటింగు ఉంది, బస్తీ వాళ్ళ సలహాలు కావాలట, ఆడవాళ్ళు తప్పకుండా రావాలట అని చెప్పింది. గల్లీ తరఫున ఎవరు వెళ్ళాలన్న మాటే రాలేదు. బండి దగ్గర ఎక్కువ సేపు నిలబడేది అక్క. అక్కే వెళ్ళాలి. మాట అటూ ఇటూ చెప్పడానికి నేను వెంట వెళ్ళాను.

మీటింగు మా కులం వాళ్ళ హాలులో పెట్టారు. గుజరాతీల లాగే మేమూ దాన్ని వాడీ అంటాం. పెళ్ళిళ్ళు, పన్నెండో రోజు భోజనాలు, బతుకమ్మ అన్నీ అక్కడే. కుర్చీలు దూరం దూరంగా వేశారు. గోడ పక్క బల్ల మీద టీ, బిస్కెట్లు. వచ్చిన డాక్టరమ్మ గుజరాతీ ఆమె. నలభై దాటి ఉంటాయి. కళ్ళ కింద నల్లగా ఉంది. ఆమె హిందీలో మాట్లాడింది. పోయిన సంవత్సరం మేం మాకు తోచినట్టు చేశాం, కొన్ని పొరపాట్లు జరిగాయి, ఈసారి ఎలా చేయాలో మీరు చెప్పండి, అలాగే చేస్తాం అంది.

ప్రభుత్వం ప్రజలను అడగాలి అని నేను చాలా పుస్తకాల్లో చదివాను. ఒక గదిలో, నా ఎదురుగా, ఒక అధికారి నోటి నుంచి అది వినడం అదే మొదటిసారి.

ముందు కులపెద్ద ఒకాయన లేచాడు. మురికి కాలువ గురించి, వాడీకి మున్సిపాలిటీ వేయించాల్సిన పెద్ద బోర్డు గురించి చాలాసేపు మాట్లాడాడు. డాక్టరమ్మ ఓపికగా విన్నది. తరువాత ఆడవాళ్ళను చెప్పమంది. ఎవరూ లేవలేదు. అక్క లేచింది.

"మేడమ్, మీరు రసి అనొద్దు," అంది తెలుగులోనే.

నేను హిందీలో చెప్పాను. డాక్టరమ్మకు అర్థం కాలేదు. మా భాషలో ఆ మాటకు అర్థం ఏమిటో చెప్పాను. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. తరువాత నవ్వు ఆపి, మా భాషలోనూ దానికి ఆ అర్థం ఉంది, మేం వినడం మానేశాం అంతే అంది. మరి ఏమనాలి అని అడిగింది. సూది అనమంది అక్క. పిల్లలకు వేయిస్తాం కదా, ఆ మాటకు ఎవరూ భయపడరు అంది. ఇక మిగతా ఆడవాళ్ళు కూడా మాట్లాడారు. బండి మైకులో తెలుగులో చెప్పాలి. బడిలో కాదు, వాడీలో పెట్టాలి, ఇక్కడికైతే అలవాటుగా వస్తాం. ఐతారం పెట్టాలి, మిగతా రోజుల్లో చీరల కట్టలు వదిలి రాలేం. డాక్టరమ్మ అన్నింటికీ తల ఊపింది. హోలీ అయిన తరువాత వచ్చే ఐతారం వాడీలోనే పెడతాం అంది. ఆరోగ్య కేంద్రం అమ్మాయి రాసుకుంది.

లేవబోతుంటే డాక్టరమ్మకు ఒక ఆలోచన వచ్చింది. మైకులో తెలుగు కావాలన్నారు కదా, తెలుగు మాకు ఎవరు చెప్తారు, ఈ మాసీనే, అంటే ఈ పిన్నినే, చెప్పమనండి అంది. ఆ అమ్మాయి తన ఫోన్ అక్క నోటి ముందు పెట్టింది. అక్క చెంగు సర్దుకుంది. ఫోన్‌ను కాకుండా ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీలను చూస్తూ, హాలు నిండా జనం ఉన్నట్టు గట్టిగా మాట్లాడింది.

"అక్కల్లారా, చెల్లెల్లారా, నేను మీ గల్లీదాన్నే మాట్లాడుతున్న. ఇది రసి గాదు, సూది. పిల్లగాండ్లకు ఏపిస్తమే, గసొంటిదే. ఐతారం నాడు మన వాడీల ఏస్తరు. నేను గూడ గాడ్నే ఏసుకుంట. అందరం కలిసి పోదాం, రాండ్రి."

ఒక్కసారికే సరిపోయింది. వాళ్ళు ఫోన్‌లో తిరిగి వినిపించారు. అక్క తన గొంతు విని, నేను గిట్ల మాట్లాడుతనా అని నన్ను అడిగింది.

ఇంటికి నడిచి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆమె ఒకే మాట అంటూ వచ్చింది. "అడిగిండ్రు తమ్మీ." కొంచెం దూరం పోయాక మళ్ళీ. "ఇన్నేండ్లల్ల ఎవ్వలన్న అడిగిండ్రా మనల్ని?" నేను లేదన్నాను. అడగడం మంచిదే, చేయడం చూద్దాం అని కూడా అన్నాను. ఆమె వినిపించుకోలేదు.

మరుసటి రోజు బండి వచ్చింది. రసీ ముకావో అనే వచ్చింది. మిషన్ల ఎక్కియ్యాలె గద, టైం పడతది అని అక్క ఆడవాళ్ళకు చెప్పింది. ఆ వారమంతా అలాగే చెప్పింది. ఎవరూ తొందరపడి ఎక్కడికీ పోవద్దని, మన దగ్గరికే వస్తుందని, బతుకమ్మకు పోయినట్టు అందరం కలిసి పోదామని చెప్పింది. అంతకుముందు నాతో వచ్చి వేయించుకుంటామన్న ఒకరిద్దరు కూడా ఆగారు.

నేను అక్కను ఉధ్నాలో టీకా వేస్తున్న చోటికి తీసుకుపోతానన్నాను. ఆటోలో ఎంతో దూరం కాదు. మహారాష్ట్ర వైపు జబ్బు మళ్ళీ పెరుగుతున్నదని పేపర్లో చదువుతున్నాను. భీవండీ నుంచి కోడలు పిల్ల కూడా ఫోన్ చేసి చెప్పింది, అంటే అక్క కూతురు. మా ఇంట్లో నేను ఆమెను కోడలు పిల్లా అనే పిలుస్తాను. అక్క ఒప్పుకోలేదు.

"నేను మైకుల చెప్పిన. వాడీల ఏసుకుంట అన్న. గిప్పుడు దొంగతనంగ పోయి ఏసుకుంటె రేపు నా మాట ఎవ్వలు ఇంటరు?"

"ఆ మైకు ఇంకా ఎవరూ వినలేదు అక్కా."

"నేనైతే ఇన్న గద."

నేను ఆటో పిలవలేదు.

హోలీ అయింది. చెప్పిన ఐతారం ముందు రోజు ఆరోగ్య కేంద్రం అమ్మాయి వచ్చి, ఈ వారం మందు రాలేదు, వచ్చే వారం అని చెప్పింది. వచ్చే వారానికి అడగడానికి మనిషి దొరకలేదు. అప్పటికే సూరత్ మారిపోయింది. పొద్దున లేస్తే అంబులెన్సు చప్పుడు. పడుకునేదాకా అదే చప్పుడు. గల్లీలో ఒక్కొక్క ఇంట్లో దగ్గు మొదలైంది. పోయిన సంవత్సరంలా దాచడానికి కూడా వీలు లేకుండా మొదలైంది. డాక్టరమ్మ ఫోన్ ఎత్తడం లేదు. ఆమెకు కూడా వచ్చిందని తరువాత తెలిసింది.

వాడీలో మా కులంవాళ్ళు మంచాలు వేశారు. ఆసుపత్రుల్లో చోటు లేక, ఎక్కడ కులం హాలు ఉంటే అక్కడ మంచాలు వేస్తున్న రోజులు అవి. బోర్డు అడిగిన పెద్దమనిషే ముందు నిలబడ్డాడు. కడోదరా పోయి ఆక్సిజన్ సిలిండర్లు తనే లోడు చేయించుకుని వచ్చాడు. అతని గురించి ఇందాక రాసినది కొట్టేయాలనిపించింది. అతను రెండూ చేశాడు కాబట్టి రెండూ ఉంచుతున్నాను.

అక్కకు జ్వరం వచ్చింది. దాచలేదు. మొదటి రోజు బండి దగ్గరికి పోకుండా గుమ్మంలోనే ఆగి, ముక్కు మీద చెంగు పెట్టుకుని, నా బకెట్ జర అందుకోండ్రి అని దూరం నుంచే అడిగింది. మూడో రోజుకు ఊపిరి అందలేదు. ఆటోలో వాడీకి తీసుకుపోయాను. మీటింగు రోజు టీ పెట్టిన బల్ల మీద మందులు ఉన్నాయి. కుర్చీలు ఉన్న చోట మంచాలు ఉన్నాయి. అక్క మంచం మీద కూర్చుని అటూ ఇటూ చూసింది.

అక్కడ ఇచ్చే గాలి చాలలేదు. రెండో రోజు సాయంత్రానికి పెద్ద ఆసుపత్రిలో చోటు దొరికింది. దొరికింది అంటే, బయట అంబులెన్సుల వరుసలో మా వంతు వచ్చేసరికి లోపల ఒక మంచం ఖాళీ అయింది. నన్ను లోపలికి రానివ్వలేదు. ఒక నర్సు తన ఫోన్ నుంచి ఒకసారి మాట్లాడించింది. అక్క మాటకూ మాటకూ మధ్య చాలాసేపు ఆగుతోంది.

"వాడీల సూది ఎప్పుడట?"

"వచ్చే ఐతారం," అన్నాను.

"ఆడోళ్ళకు చెప్పు."

చెప్తానన్నాను. అది నేను ఆమెతో మాట్లాడిన ఆఖరి మాట.

ఊళ్ళో శ్మశానాల్లో వంతు రావడం లేదు. మమ్మల్ని బార్డోలీ పంపారు. సూరత్ నుంచి శవాలను అక్కడికి తీసుకుపోతున్నారని పేపర్లో చదివాను. చదివినప్పుడు అది వేరేవాళ్ళ సంగతి. అంబులెన్సులో ఇంకో రెండు కుటుంబాల శవాలు కూడా ఉన్నాయి. నేను ఆ పెద్దమనిషి మోటార్‌సైకిల్ వెనక కూర్చుని వెళ్ళాను. కడోదరా దాటాక చెరకు తోటలు మొదలయ్యాయి. చెరకు లారీ ఒకటి చాలాదూరం మా ముందు పోయింది, దారి ఇవ్వలేదు. అక్క సూరత్‌లో నలభై ఏళ్ళకు పైగా ఉంది. ఎప్పుడూ బార్డోలీ చూడలేదు. అక్కడ ఒక మనిషి ఆమె పేరు అడిగి, నేను చెప్పింది గుజరాతీలో తప్పుగా రాసుకున్నాడు. దిద్దమని అడగలేదు. భీవండీలో కోడలు పిల్ల ఫోన్‌లో చూసింది. పొగలో ఏమీ సరిగా కనబడటం లేదని ఏడ్చింది.

తరువాత కొన్ని వారాలు నేను పుస్తకం తెరవలేదు. ఎవరో వచ్చి, కత్తిరించని చీరల కట్ట ఇంట్లోంచి తీసుకుపోయారు.

జూన్ నెలలో వానలు మొదలైన తరువాత ఒక ఉదయం, ఏడు ఇరవైకి, బండి వచ్చింది. పాట ఆగింది. నేను గుమ్మంలో ఉన్నాను.

"అక్కల్లారా, చెల్లెల్లారా, నేను మీ గల్లీదాన్నే మాట్లాడుతున్న."

బకెట్లు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. బండి మెల్లగా ముందుకు వస్తూనే ఉంది. ఇది రసి గాదు, సూది. నేను గూడ గాడ్నే ఏసుకుంట. ఎదురింటామె బకెట్ కింద పెట్టి లోపలికి పోయి తలుపు వేసుకుంది. అందరం కలిసి పోదాం, రాండ్రి. తరువాత పాట, మళ్ళీ మొదటి నుంచి అదే. బండి మలుపు తిరిగి పక్క గల్లీలోకి పోయేదాకా అక్క గొంతు వినిపించింది. గల్లీలో ఒక్క మనిషి లేదు. నిండు బకెట్లు ఉన్నాయి.

డాక్టరమ్మ మాట నిలబెట్టుకుంది. నాకు ముందు తట్టింది అదే. జబ్బు నుంచి లేచి, ఎవరెవరినో ఒప్పించి, మేం అడిగినదంతా చేసింది. తెలుగులో చెప్పించింది. రసి అనలేదు, సూది అంది. మంచాలు తీసేసి కడిగిన వాడీలో, ఐతారం నాడు పెట్టింది. మేం చెప్పిన వాటిలో ఒక్కటి కూడా వదలలేదు. చెప్పిన మనిషి లేదన్న సంగతి మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆ ఐతారం నేను పొద్దున్నుంచీ వాడీలో కూర్చున్నాను. పక్క వీధుల పడుచువాళ్ళు కొందరు వచ్చారు. మా గల్లీ నుంచి ఎవరూ రాలేదు. మధ్యాహ్నం నేనే ఇంటింటికీ వెళ్ళాను. పోయిన సంవత్సరం జ్వరం అడగడానికి తట్టిన తలుపులే. కొన్ని ఇళ్ళల్లో, అక్క సూది వేసుకునే కదా పోయింది అన్నారు. వేసుకోలేదని చెప్పాను. తమ్ముడివి, నువ్వు అట్లనే అంటవు అన్నట్టు చూశారు. ఎదురింటామె మాత్రం తలుపు పూర్తిగా తీసి నిలబడింది.

"సార్, ఒక మాట అడుగుత, కోపం చెయ్యకుర్రి. అక్క సూది ఏసుకున్నదా?"

"లేదు."

"మరి మమ్ములను రమ్మని, తను ఎందుకు ఏసుకోలే?"

నేను వెనక్కి తిరిగి మా గుమ్మం వైపు చూశాను.

"అందరం కలిసి పోదాం రాండ్రి అంటున్నది సార్. యాడికి పోదామంటున్నది?"

ఆమె వెటకారంగా అనలేదు. ఆమె మొహం పాలిపోయింది. రోజూ పొద్దున అక్క పక్కన నిలబడి నవ్విన మనిషి ఆమె. ఆమె ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉంది. మీ కోసమే ఆగింది, మీరు లేకుండా పోనంది. ఆ జవాబు చెప్తే అక్క చావు ఆ గుమ్మంలో పెట్టి వచ్చినట్టు అవుతుంది. ఆమె దాన్ని మోయలేదు, మోయాల్సిన పని కూడా లేదు. చెప్పకపోతే, తనే నమ్మలేదు కాబట్టి వేసుకోలేదు అనుకుంటుంది. నేను చెప్పలేదు. వేసుకుని పోయిందన్నవాళ్ళు, నమ్మక వేసుకోలేదన్నవాళ్ళు, మా గల్లీలో రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. రెండు రకాలవాళ్ళూ తలుపులు వేసుకున్నారు.

మరుసటి ఉదయం నేను బండి ఆపి, డ్రైవర్‌ను ఆ గొంతు మా గల్లీలో వేయొద్దని అడిగాను. అతను అక్కను మాసీ అని పిలిచేవాడు. నేను కూడా ఇక్కడికి వచ్చేసరికి చప్పుడు తగ్గిస్తున్నాను అన్నాడు. పై నుంచి ఆర్డరు ఉంది, అయినా ఇక్కడ వేయను అన్నాడు. అలా, మా కోసం మా భాషలో ఒకరు మాట్లాడాలని మేం అడిగి తెచ్చుకున్నది మేమే అడిగి ఆపించుకున్నాం.

విషయం తెలిసి డాక్టరమ్మ మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం మెట్టు మీద కూర్చుంది. చాలా సన్నబడింది. ఆ ఒక్క రికార్డింగు కోసం ఎంతమంది దగ్గరికి తిరిగిందో చెప్పింది. గుజరాతీ, హిందీ ఉన్నాయి కదా, ఇంకో భాష ఎందుకు అన్నారట. లేస్తూ, మేం అడగకుండా ఉండాల్సిందా అంది. నన్నే అడిగిందో, తనలో తనే అనుకుందో తెలియలేదు. ఆ తరువాత ఆమెకు బదిలీ అయింది.

ఆ ప్రశ్న నా దగ్గర ఉండిపోయింది. అడగకపోయి ఉంటే అక్క మార్చిలో నాతో ఆటో ఎక్కి ఉధ్నా వచ్చేది. మాట ఇవ్వాల్సిన అవసరమే వచ్చేది కాదు. నలభై ఏళ్ళు ఎవరూ అడగకుండా బతికినట్టే ఇంకో పదేళ్ళు బతికేది. ప్రజలను అడగాలి అని నేను ఇప్పటికీ అనుకుంటాను. కానీ అడిగినవాళ్ళకు జవాబు చెప్పిన మనిషి, ఆ జవాబుకు కట్టుబడి ఉంటుంది. అడిగినవాళ్ళకు మందు రాకపోవచ్చు, జబ్బు చేయవచ్చు, పై నుంచి మాట రావచ్చు. చెప్పిన మనిషి మాత్రం అక్కడే నిలబడి ఉంటుంది. ఇది నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు, లేదా ఉన్నా నేను గమనించలేదు.

టీకా మా గల్లీలో చివరికి అందరూ వేయించుకున్నారు. కాగితం చూపిస్తేనే మగ్గాల మీదికి రానిస్తామని షేట్లు చెప్పారు. జోల్వా వైపు పనికి పోయే మగవాళ్ళు ముందు వేయించుకున్నారు, తరువాత ఆడవాళ్ళు. ఒక్కొక్కరు ఒక్కో చోటికి, ఎవరికి వారు, చెప్పకుండా పోయి వచ్చారు. ఎదురింటామె ఒకరోజు చెయ్యి పట్టుకుని వస్తూ నన్ను చూసి ఆగింది. "నేను గూడ రసి ఏపిచ్చుకున్న సార్," అంది. సూది అనలేదు. ఇప్పుడు మా గల్లీలో అందరూ టీకాను రసి అనే అంటారు. పిల్లలకు ఆ మాటకు ఇంకో అర్థం ఉందని కూడా తెలియదు. పుండులో పట్టేదాన్ని చీము అంటారు. అక్క లేచి నిలబడి మాట్లాడింది ఆ ఒక్క మాట గురించే. అది కూడా మిగలలేదు.

వార్డు మీటింగులు ఇంకా జరుగుతున్నాయి. బస్తీ వాళ్ళ సలహాలు కావాలని ఇప్పటికీ ఎవరో ఒకరు వచ్చి పిలుస్తారు. కొత్త అమ్మాయి, కొత్త డాక్టరు. టీ, బిస్కెట్లు ఉంటాయని కూడా చెప్తారు. నేను సరే అంటాను.

బండి ఏడు ఇరవైకే వస్తుంది. పాట ఒక్కటే వస్తుంది. ఆడవాళ్ళు ముందే బకెట్లు గుమ్మాల ముందు పెట్టి లోపలికి పోతారు. బండి మనిషి దిగి, ఒక్కొక్కటీ తనే ఎత్తి పోసుకుని, ఖాళీ బకెట్ మళ్ళీ గుమ్మం ముందు పెడతాడు. బండి దగ్గర ఇప్పుడు ఎవరూ నిలబడి మాట్లాడుకోరు.